వ్యోమనౌకల ఇంధనభారము

2023వ సంవత్సరము జూలై 14వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు శ్రీహరికోటనుండి చంద్రయానము–3 బయలుదేరినపుడు ఆ వాహనము తూకము సుమారు 640 టన్నులు. అది ఆకాశమునకు గొనిపోయిన నౌక తూకము 3,900 కిలోలు, అనగా నాలుగు టన్నులకు లోపు. ఆగస్టు 23వ తేదీని చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున నౌక దిగిన పిమ్మట అచ్చటి నేలపై సంచరించిన చిన్నబండి తూకము 26 కిలోలు మాత్రమే. ఇరువదియాఱు కిలోల బండిని నడపుటకు ఆఱువందల నలువది టన్నుల సన్నాహము! ఇది కొండను త్రవ్వి ఎలుకను పట్టుట కాదా యని చదువుకొన్నవారు సైతము ప్రశ్నించుచున్నారు. దరిద్రదేశమున ఇంత ఇంధనము క్షణములలో మసిచేయుట తగునా యని మఱికొందఱు ఆక్షేపించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. ప్రజల ధనము వ్యయమగు చోట ప్రజలు ప్రశ్నింపక తప్పదు. కాని ఈ వ్యయములో ఏది మనుష్యుల నిర్ణయమో, ఏది ప్రకృతి శాసనమో వేఱుపఱచి చూడనిదే విమర్శ సఫలము కానేరదు.

ఈ విషయమున పత్రికలవారు తొందరపడరాదని చెప్పుటకు మా వృత్తిలోనిదే యొక నిదర్శనము కలదు. 1920 జనవరి 13వ తేదీని న్యూయార్కు టైమ్సు పత్రిక తన సంపాదకీయపుటలో డాక్టరు రాబర్టు గొడ్డార్డు అను అమెరికా శాస్త్రజ్ఞుని ఎగతాళి చేసెను. శూన్యములో త్రోయుటకు ఏమియు లేదు గనుక అచ్చట రాకెట్టు కదలజాలదనియు, ఉన్నతపాఠశాలలలో నేర్పు పాఠమైనను ఆయనకు తెలిసినట్లు లేదనియు ఆ పత్రిక పరిహసించెను. గొడ్డార్డు కలత చెందినను పని మానలేదు. 1926 మార్చి 16వ తేదీని పెట్రోలును, ద్రవరూపమైన ఆమ్లజనిని మండించి లోకములో మొట్టమొదటి ద్రవేంధనపు రాకెట్టును ఎగురవేసెను. అది నిలిచినది రెండున్నర సెకండ్లు, పోయిన ఎత్తు 41 అడుగులు. మనుష్యులు చంద్రునివైపు బయలుదేరిన మఱునాడు, 1969 జూలై 17వ తేదీని ఆ పత్రిక తన తప్పును ఒప్పుకొనెను. అప్పటికి గొడ్డార్డు గతించి ఇంచుమించు ఇరువదినాలుగేండ్లయినది. తెలిసికొనక ముందే నవ్వినవాని నవ్వు ఎంతకాలము వానిని వెన్నాడునో ఈ ఉదంతము తెలుపుచున్నది. కలము పట్టిన మేము దీనిని మఱవరాదు.

రాకెట్టు కదలు విధము అతి సులభమైనది. పడవలో నిలుచున్నవాడు ఒడ్డుపైకి దుమికినచో పడవ వెనుకకు జరుగును. పడవ గాలిని త్రోసినది కాదు, నీటిని త్రోసినది కాదు. మనిషి ముందునకు పోయిన పరిమాణమునకు తగినట్లు అది వెనుకకు పోయినది. దీపావళినాటి తారాజువ్వయు ఇట్లే మండిన వాయువును క్రిందికి చిమ్మి తాను పైకి పోవుచున్నది. వెలుపల గాలి యున్నను లేకున్నను ఈ ధర్మము మాఱదు. గాలి లేకున్నచో అడ్డగించువారు లేక రాకెట్టు మఱింత సుఖముగా పోవును. కావున రాకెట్టు పోవలెనన్న తనలోనిదానిని కొంత వెనుకకు చిమ్మివేయవలసినదే. చిమ్ముటకు ఏమియు మిగులనినాడు దాని వేగము పెఱుగుట నిలిచిపోవును.

ఇందు మొదటి కష్టము కలదు. మోటారుబండికి నేల యున్నది, ఓడకు నీరున్నది, విమానమునకు గాలి యున్నది. ఇవి యన్నియు త్రోసికొనుటకు ఆధారము వెలుపలనే పొందును. ఇంధనము మండుటకు కావలసిన ఆమ్లజనిని సైతము దారిపొడుగున గాలినుండి ఉచితముగా పీల్చుకొనును. రాకెట్టునకు ఈ భాగ్యము లేదు. అది తన పొయ్యితోపాటు పొయ్యికి కావలసిన గాలినికూడ మోసికొనిపోవలెను. కిరసనాయిలుతో నడచు రాకెట్టులో ఒక కిలో కిరసనాయిలునకు రెండు కిలోలకు మించిన ఆమ్లజని యుండవలెను. మనము ఇంధనమని వ్యవహరించుచున్న దానిలో హెచ్చుపాలు ఈ ఆమ్లజనియే. పదునెనిమిదవ శతాబ్దిలో మైసూరు సైనికులు ఆంగ్లేయులపై ప్రయోగించిన ఇనుపగొట్టముల జువ్వలలోనూ ఇదే ధర్మము; అందలి సూరేకారము మందునకు ఆమ్లజనిని సమకూర్చెడిది. ఆ జువ్వలను చూచియే ఆంగ్లేయులు తమ దేశమున రాకెట్లు చేయ నారంభించిరి.

రెండవ కష్టమును జనులు సాధారణముగా గుర్తింపరు. ఆకాశమునకు పోవుట యనగా పైకి పోవుటయని అందఱు తలంతురు. పైకి పోవుట మాత్రమే యైనచో పని తేలికయే. 1971 అక్టోబరు 9వ తేదీని శ్రీహరికోటనుండి ప్రయోగింపబడిన మొదటి చిన్న రోహిణి రాకెట్టు కొంత ఎత్తు పోయి సముద్రమున పడునట్టిది. పడకుండ నిలువవలెనన్న ఎత్తు చాలదు, వేగము కావలెను. కొండకొననుండి ఫిరంగిగుండును అడ్డముగా కాల్చినచో అది వంగి నేలపై పడును. మఱింత బలముగా కాల్చిన మఱింత దూరమున పడును. దాని వంపు భూగోళపు వంపుతో సరిపోవునంత వేగముతో కాల్చినచో అది ఎప్పుడును పడుచునే యుండును గాని నేలను తాకదు. న్యూటను మహాశయుడు మూడువందల ఏండ్లకు పూర్వమే దీనిని ఊహించెను. ఆ వేగము సెకండునకు దాదాపు 7.8 కిలోమీటర్లు. ఆ వేగమున పోవువాడు చెన్నపట్టణమునుండి విశాఖపట్టణమునకు నిమిషమున్నరలోపున చేరును. ఒక వస్తువును 400 కిలోమీటర్ల ఎత్తునకు లేపుటకు పట్టు శక్తి ఒక పాలైనచో, దానికి అచ్చట నిలువదగిన వేగమిచ్చుటకు ఏడెనిమిది పాళ్లు పట్టును. ఇంధనమంతయు ఎత్తునకు కాదు, వేగమునకు చెల్లించు మూల్యము.

దీనికి తోడు దారిఖర్చు ఒకటి కలదు. ఏటికి ఎదురీదువాడు ఒక్కచోట నిలిచియుండుటకైనను చేతులాడింపవలసినదే. భూమి ఆకర్షణకు ఎదురుగా లేచు రాకెట్టు స్థితియు నంతే. అది మెల్లగా లేచిన కొలది ఇంధనము నిలువబడుటకే వ్యర్థమగును. అందువలననే అది ఆరంభమున అంత భయంకరముగా మండవలెను. గాలి అడ్డగించుటచేతనూ కొంత నష్టము కలుగును. ఈ నష్టములనన్నిటిని కలుపుకొన్నచో కక్ష్య చేరుటకు సెకండునకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగమునకు సరిపడు ఇంధనమును సమకూర్చుకొనవలెను.

ఇక అసలు రహస్యము. ఇంధనమును పైకి గొనిపోవుటకును ఇంధనమే కావలెను. పూర్వము రైళ్లు లేని దినములలో కాశీయాత్రకు పోవువాడు దారిలో గింజయైనను, గడ్డిపరకయైనను దొఱకదని తెలిసి అన్నియు ఇంటినుండియే మోసికొనిపోవలసి వచ్చినదనుకొందము. బియ్యము మోయుటకు ఎద్దులు కావలెను. ఎద్దులకు మేత కావలెను. మేత మోయుటకు మఱికొన్ని ఎద్దులు, వానికి మఱికొంత మేత. ప్రయాణము రెట్టింపైనచో మేత రెట్టింపుతో సరిపోదు, ఎన్నో రెట్లు పెఱుగును. ఈ పెరుగుదలను గణితబద్ధము చేసి ప్రకటించినవాడు రష్యాదేశమున కలూగా పట్టణమునందలి యొక బడిపంతులు. ఆయన పేరు కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. బాల్యమున జబ్బు చేసి వినికిడి పోగొట్టుకొన్న ఈ పంతులు 1903లో ప్రకటించిన సూత్రమే నేటికిని సమస్త రాకెట్లకు ధర్మశాస్త్రము.

ఆ సూత్రము మన భూస్వాములకును, వర్తకులకును కొత్తది కాదు. అది చక్రవడ్డీ లెక్క. అప్పు ఒక గడువులో రెట్టింపై, రెండవ గడువులో నాలుగింతలై, మూడవ గడువులో ఎనిమిదింతలగునట్లు ఇచ్చట బరువు పెఱుగును. మంచి కిరసనాయిలు యంత్రమునుండి వాయువు సెకండునకు సుమారు 3.3 కిలోమీటర్ల వేగముతో వెలువడును. అట్టి రాకెట్టునకు 2.3 కిలోమీటర్ల వేగము కావలెనన్న బయలుదేరునపుడు దాని బరువు తుదకు మిగులుదానికి రెండింతలుండవలెను. 4.6 కిలోమీటర్లకు నాలుగింతలు, 6.9 కిలోమీటర్లకు ఎనిమిదింతలు, 9.2 కిలోమీటర్లకు పదునాఱింతలు. మనకు కావలసిన 9.4 కిలోమీటర్లకు ఇంచుమించు పదునేడింతలు. అనగా పదునేడు పాళ్లలో పదునాఱు మండిపోవలెను. ఒక్క పాలు మాత్రమే గమ్యము చేరును. ఆ ఒక్క పాలులోనే తొట్లు, గొట్టములు, యంత్రములు, సరకు అన్నియు ఇమిడియుండవలెను. చక్రవడ్డీలో పడిన రైతు ఎంత శ్రమించినను అసలు తీరని దుఃఖము మన గ్రామములలో ఎఱుగనివారు లేరు. రాకెట్టును నిర్మించువాడు ఈ ఋణమునే ప్రకృతికి చెల్లించుచున్నాడు. ఈ ఋణదాతకు మొఱపెట్టుకొనుటకు వీలులేదు, మాఫీ యనునది లేదు.

ఆశ్చర్యకరమైన మాట యింకొకటి. కక్ష్యలో తిరుగుచున్న ఒక కిలో వస్తువునందున్న శక్తి ఒక కిలో కిరసనాయిలు మండినపుడు పుట్టు వేడికంటె హెచ్చు కాదు. శక్తియే ప్రశ్న యైనచో ఒక సీసా నూనెతో పని తీరవలసినదే! మిగిలినదంతయు ఏమగుచున్నది? ఇంకను కాలని ఇంధనమును పైకి లేపుటకును, వెనుకకు చిమ్మబడు వాయువునందును పోవుచున్నది. ఇది ఎవరి అజాగ్రత్తయు కాదు. ఊతకఱ్ఱ లేని లోకములో నడచువాడు తన మూటలోనివి ఒక్కొక్కటిగా విసరివేయుచు ముందునకు పోవలసినదే.

కోడిగ్రుడ్డు బరువులో పెంకు ఇంచుమించు పదవవంతు. పదునేడింట ఒక పాలు మాత్రమే మిగులు రాకెట్టు ఆ పెంకుకంటెను పలుచగా నిర్మింపబడి, అందులోనే సరకును మోయవలెను. ఇది దాదాపు అసాధ్యము. అందుచేత శాస్త్రజ్ఞులు అంచెల పద్ధతిని అవలంబించిరి. ఒక తొట్టిలోని ఇంధనము కాలిపోగానే ఆ వట్టితొట్టిని, దాని యంత్రమును విడిచివేసి తేలికపడిన శరీరముతో ముందునకు పోవుదురు. చంద్రయానము–3ను మోసిన వాహనమున ఇరుప్రక్కల నున్న రెండు ఘనేంధనపు స్తంభములు ఒక్కొక్కటి రెండువందల టన్నులకు మించిన మందును కడుపున పెట్టుకొని రెండు నిమిషముల కాలముననే దానిని మండించి జాఱిపోయినవి. నడుమనున్న అంచెలో సుమారు 115 టన్నుల ద్రవేంధనము, చివరి అంచెలో 28 టన్నుల ద్రవ ఉదజని, ఆమ్లజనులు ఉండెను. మొత్తముమీద వాహనపు తూకములో ఏడింట ఆఱుపాళ్లు ఇంధనమే. ఇది మన దేశమునకే పట్టిన పీడ కాదు. 1969లో ముగ్గురు మనుష్యులను చంద్రునివైపు పంపిన అమెరికావారి సాటర్న్ వాహనము సుమారు 2,900 టన్నులు తూగెను. దాని మొదటి అంచె సెకండునకు పదమూడు టన్నుల చొప్పున ఇంధనమును త్రాగివేసెను. తిరిగివచ్చి సముద్రమున పడినది అయిదు టన్నుల పెట్టె ఒక్కటి.

ఈ ఋణభారమును తగ్గించు ఉపాయము ఏదైన కలదా? కలదు. వడ్డీ రేటును తగ్గించుకొనవలెను. ఇచ్చట వడ్డీ రేటును నిర్ణయించునది వాయువు వెలువడు వేగము. అది హెచ్చినకొలది భారము తగ్గును. ఘనేంధనపు వాయువు సెకండునకు రెండున్నర కిలోమీటర్లకు కొంచెము పైగా పోవును. ఉదజని, ఆమ్లజనుల వాయువు సుమారు 4.4 కిలోమీటర్ల వేగము పొందును. అట్టి ఇంధనముతో పదునేడింతలకు బదులు ఎనిమిదిన్నర ఇంతలతో పని జరుగును. కాని ఉదజనిని ద్రవము చేయవలెనన్న సున్నకు క్రింద 253 డిగ్రీల చలికి దింపవలెను. ఆ చలిలో లోహములు పెళుసుబాఱును, కీళ్లు బిగుసుకొనును, సన్నని సందునుండి సైతము వాయువు తప్పించుకొనిపోవును. ఆ చలిప్రక్కనే వేలకొలది డిగ్రీల మంట నిలుపవలెను.

ఈ విద్యను మనకు దక్కనీయకుండుటకు జరిగిన ప్రయత్నమును దేశాభిమానులు జ్ఞాపకముంచుకొనదగును. 1991లో రష్యావారి సంస్థతో మనవారు ఈ యంత్రముల కొఱకును, వానిని చేయు విద్య కొఱకును ఒడంబడిక చేసికొనిరి. 1992లో అమెరికా ప్రభుత్వము ఉభయులపైనను ఆంక్షలు విధించెను. 1993లో రష్యా విద్యను ఇచ్చుట మానుకొని, సిద్ధముచేసిన యంత్రములను కొన్నిటిని మాత్రము విక్రయించుటకు అంగీకరించెను. వండిన అన్నమమ్ముదుము గాని వంట నేర్పమనుట యిదియే. మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2010 ఏప్రిల్ 15వ తేదీని స్వదేశీ యంత్రముతో చేసిన ప్రథమప్రయోగము విఫలమయ్యెను. 2014 జనవరి 5వ తేదీని శ్రీహరికోటనుండియే అది సఫలమయ్యెను. ఇరువదేండ్లు పట్టినది, కాని అరువు తెచ్చుకొన్న విద్య కాదు. చంద్రయానము–3ను తుదియంచెలో మోసినది ఈ జాతి యంత్రమే.

ఇంధనము కొఱత గలవాడు తెలివిని హెచ్చుగా వాడవలసియుండును. అపోలో–11 వారు నాలుగు దినములలో చంద్రునిపై దిగిరి. మన నౌకకు నలువది దినములు పట్టెను. ఇది చేతకానితనము కాదు, పొదుపు. నౌకను సాగిన కక్ష్యలో ప్రవేశపెట్టి, అది భూమికి అతి సమీపమునకు వచ్చి మహావేగముతో పోవు సమయములందు మాత్రమే కొద్దికొద్దిగా ఇంధనము వెలిగించి కక్ష్యను పెద్దది చేయుచు పోయిరి. వేగముగా పోవుచున్నపుడు కాల్చిన ఇంధనము హెచ్చు ఫలమిచ్చును గనుక ఈ నిదానము. శ్రీహరికోట ఎన్నికలోనూ ఈ పొదుపే కలదు. భూమి తూర్పునకు తిరుగుచున్నది. అచ్చటి నేల సెకండునకు సుమారు 450 మీటర్ల వేగముతో తూర్పునకు పోవుచునే యున్నది. తూర్పున సముద్రము. కావున తూర్పుగా పంపు వాహనమునకు ఆ వేగము ఉచితముగా లభించును. ధ్రువములమీదుగా పోవు ఉపగ్రహముల విషయములో మాత్రము సింహళమును తప్పించుటకు దారి వంచవలసివచ్చి ఇంధనము నష్టమగుచున్నది. ఆ నష్టమును వారించుటకే తమిళనాటి కులశేఖరపట్టణమున చిన్న వాహనముల కొఱకు రెండవ స్థావరమునకు 2024 ఫిబ్రవరి 28వ తేదీని పునాది వేసిరి.

వ్యయమును తగ్గింపవలెనని నిజముగా కోరువారు చూడవలసినది ఇంధనమును కాదు. కాలిపోవు ఇంధనపు ఖరీదు మొత్తము వ్యయములో స్వల్పభాగము. సముద్రమున పాఱవేయుచున్న యంత్రములే ప్రియము. ఒకసారి ప్రయాణము చేసి విమానమును చెఱువులో త్రోసివేయువారు ఎవరైన నుందురా? 2015 డిసెంబరు 21వ తేదీని అమెరికాలోని స్పేస్ ఎక్స్ సంస్థ కక్ష్యకు ఉపగ్రహములను పంపిన రాకెట్టు మొదటి అంచెను తిరిగి నేలపై నిలువుగా దింపి ఈ దురాచారమునకు స్వస్తి చెప్పుటకు మార్గము చూపెను. దిగుటకై కొంత ఇంధనము మిగుల్చుకొనవలెను గనుక మోయు సరకు తగ్గును. కాని యంత్రము దక్కును. మనవారును చిత్రదుర్గమువద్ద 2023లోను, 2024లోను ఱెక్కల నౌకను ఎత్తునుండి విడిచి దానంతట అది దిగునట్లు పరీక్షించిరి. ఈ ప్రయత్నము వేగిరపడవలెనని మేము కోరుచున్నాము. చట్టసభలలో మన ప్రతినిధులు అడుగవలసిన ప్రశ్న యిదియే గాని ఇంత ఇంధనమేల యనునది కాదు.

ఇంతయు చేసి పొందినదేమి? 1979 ఆగస్టు 10వ తేదీని శ్రీహరికోటనుండి లేచిన మన మొదటి ఉపగ్రహవాహనము బంగాళాఖాతమున పడెను. 1980 జూలై 18వ తేదీని రెండవది సఫలమయ్యెను. దాని తూకము 17 టన్నులు. కక్ష్యలో నిలిపినది 35 కిలోలు. నాడును నవ్వినవారు నవ్విరి. కాని 1977 నవంబరు 19వ తేదీని దివిసీమ ఉప్పెనలో వేలకొలది జనులు మృత్యువు పాలగుట తెలుగువారు మఱవగలరా? ఆకాశమునుండి మేఘములను ఎడతెగక కనిపెట్టు కన్ను నాడు మనకు లేదు. 1983లో ఇన్సాట్ 1–బి ఆ కన్నైనది; మన వాహనముల బలము చాలక దానిని అమెరికా నౌకలో పంపవలసి వచ్చినది. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును ధ్వంసము చేసినపుడు దాని రాక దినములముందే తెలిసియుండుటచేత లక్షలాది జనులను తరలించుట సాధ్యమయ్యెను. ప్రాణనష్టము దివిసీమతో పోల్చరానంత తక్కువ. రాడారులు, ఆశ్రయభవనములు, టెలిఫోనులు కూడ ఇందుకు తోడ్పడినవి; అయినను సముద్రము నడుమ పుట్టినపుడే తుపానును పట్టి చూపినది ఆకాశనేత్రము. మండిపోయినట్లు కనబడిన ఆ ఇంధనము తీరవాసుల ఇండ్లలో దీపములై వెలుగుచున్నది.

తుదకు రెండు మాటలు. శ్రీహరికోట దీవి తరతరములుగా యానాదుల నివాసము. రాకెట్టు కేంద్రము కొఱకు అచ్చటి జనులు తమ స్థలమును విడిచిరి. పులికాటు సరస్సు ఒడ్డున నిలిచి ప్రయోగసమయమున ఆకాశమునకు చూచు వారి పిల్లలు ఆ మంటను చూచి ఆనందించుటతో తృప్తిపడవలెనా? ఆ మంటలోని లెక్కను వారు చేయగలవారు కావలదా? చక్రవడ్డీ కట్టుట తెలిసిన ప్రతి విద్యార్థియు సియోల్కోవ్‌స్కీ సూత్రమును గ్రహింపగలడని పైన చూపితిమి. ఆంగ్లము రాకపోవుట దానికి అడ్డు కారాదు. మన ఉన్నతపాఠశాలలలో ఈ శాస్త్రమును తెలుగున బోధింపవలెను. సూళ్లూరుపేట ప్రాంతపు పాఠశాలలకు మంచి ప్రయోగశాలలను సమకూర్చుట ప్రభుత్వముల విధి. లోకమునకు ఈ సూత్రమునిచ్చినవాడు రాజధానిలోని పండితుడు కాడు, ఒక చిన్న పట్టణపు బడిపంతులు. అట్టి పంతులు మన జిల్లాలలో పుట్టరాదను నియమము ప్రకృతి శాసనములలో ఎచ్చటను లేదు.